తాగుడు మాన్పించడానికి ఎక్కడికి తీసుకెళ్లాలి: పెద్దాసుపత్రా, సెంటరా, దగ్గర్లోని డాక్టరా?

మా అన్నయ్య టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు మాకు అర్థం కాలేదు. చలికేమో అనుకున్నాం. వదిన మాత్రం గ్లాసు సగమే నింపేది, నిండా పోస్తే ఒలుకుతుందని. పొద్దున్నే వీధి చివరి బెల్టు షాపు దాకా వెళ్లొచ్చాక ఆ చేతులు నిలకడగా ఉండేవి. ఆ నిలకడ ఎక్కణ్నుంచి వస్తోందో ఇంట్లో అందరం ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఒప్పుకున్నాక, ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. ఫోన్‌లో వెతికితే మొదట కనిపించినవన్నీ ప్రకటనలే. పచ్చిక, స్విమ్మింగ్ పూల్, ‘నూటికి నూరు శాతం గ్యారంటీ’. ఆ తర్వాత నాలుగేళ్లలో మేం ప్రైవేటు సెంటర్ చూశాం, పెద్దాసుపత్రి చూశాం, మానసిక వైద్యుడి క్లినిక్‌కు నెలనెలా తిరిగాం, తాగుడు మానినవాళ్లు కలుసుకునే ఏఏ మీటింగ్ జరిగే గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఇప్పుడు తెలిసినవాళ్లు ఫోన్ చేసి ‘ఏ సెంటర్ మంచిది?’ అని అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. రెండు విషయాలు అడుగుతాను. తాగడం ఆపిన మొదటి వారం ఆయన ఒంటికి ఏమవుతుంది? ఆ తర్వాతి ఏడాదంతా ఆయన్ని కనిపెట్టుకుని ఎవరుంటారు?

ఈ రెండింటికీ జవాబు ఒకే చోట దొరక్కపోవచ్చు. చాలా ఇళ్లలో ఉన్న డబ్బంతా మధ్యలోని మూడు నెలల సెంటర్‌కు కట్టేసి ఈ రెండు కొసలనూ గాలికొదిలేస్తారు. మేమూ అదే పొరపాటు చేశాం.

మొదటి వారం

తాగుడు ఆపితే వచ్చేది నీరసం, చిరాకేనని చాలామంది అనుకుంటారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్ల మెదడు ఆ మత్తుకు ఎదురు తన్నుతూ పనిచేయడానికి అలవాటు పడిపోతుంది. మత్తును ఒక్కసారిగా తీసేస్తే ఎదురు తన్నడం ఒక్కటే మిగులుతుంది. చివరిసారి తాగిన ఆరేడు గంటల నుంచి వణుకు, చెమటలు, వాంతులు మొదలై నిద్ర పట్టదు. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో చంపడానికి వస్తున్నారని తలుపు వెనక దాక్కుంటారు. జ్వరం వస్తుంది, గుండె దడ పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ‘తాగుడు మానేశాక గాలి సోకింది’ అని ఊళ్లో చెప్పుకునే కథల్లో చాలావరకు ఇదే.

అన్నయ్యకు ఫిట్స్ వచ్చింది మేం చేర్పించిన ప్రైవేటు సెంటర్‌లో, రెండో రాత్రి. అక్కడ ఆ రాత్రి ఉన్నది ఒక వార్డెను, ఇద్దరు కుర్రాళ్లు. డాక్టర్ వారానికి రెండుసార్లు వస్తారట. ఆ మాట చేర్పించే రోజు మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. వార్డెన్ 108కి కాకుండా మాకు ఫోన్ చేశాడు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి చేరేసరికి అన్నయ్య నాలుక తెగి చొక్కా ముందంతా రక్తం. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. ‘చివరగా ఎప్పుడు తాగారు? రోజూ ఎంత?’ అని అడిగి రాసుకున్నారు. ఆ రెండు ప్రశ్నలూ సెంటర్‌లో ఎవరూ అడగలేదు.

అందుకే మొదటి వారానికి చోటు వెతికేటప్పుడు పచ్చిక చూడకండి, రాత్రి రెండు గంటలకు అక్కడ ఎవరుంటారో చూడండి. ఇంతకు ముందు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చి ఉన్నా, మతి తప్పి ఉన్నా, కామెర్లు, రక్తపు వాంతులు, షుగర్, గుండె జబ్బు ఉన్నా, వయసు పైబడినా, ఇంట్లో చూసుకునే మనిషి లేకపోయినా ఆసుపత్రిలో చేరడమే దారి. అది కూడా క్యాజువాలిటీ, జనరల్ మెడిసిన్ డాక్టర్లు, ల్యాబ్ ఒకే ప్రాంగణంలో ఉన్న ఆసుపత్రి. ఈ విషయంలో ప్రభుత్వ బోధనాసుపత్రిని మించింది మామూలు కుటుంబానికి లేదని నా నమ్మకం.

ఈ లక్షణాలేవీ లేకపోతే అందరూ చేరాల్సిన పని లేదు. మన దగ్గర దీన్ని కొలవడానికి ఒక తేలిక గుర్తు ఉంది. ఆయన ఎప్పుడైనా అయ్యప్ప మాల వేసుకున్నారా? వేసుకున్న మొదటి నాలుగైదు రోజులు ఎలా గడిచాయి? వణుకు, చెమటలు పెద్దగా లేకుండా 41 రోజులు నిలబడిన మనిషైతే, అది ఈ మధ్యనే అయితే, డాక్టర్ చూసి సరేనంటే ఇంటి నుంచే వైద్యం నడవచ్చు. మాల వేసుకున్న మూడో రోజే పీఠం దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయిన మనిషైతే ఆసుపత్రే. డాక్టర్‌తో ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ‘ఇంతకు ముందు ఎప్పుడైనా మానేశారా?’ అన్న ప్రశ్నకు చాలామంది ‘లేదు’ అంటారు. మాల రోజులు వాళ్ల లెక్కలోకి రావు.

ఆసుపత్రిలో లోరజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు మొదట తగినంత మోతాదులో ఇచ్చి, వారం పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. దాంతో పాటు బీ1 విటమిన్, అంటే థయమిన్ ఇస్తారు. నీరసంగా ఉన్నాడని వీధిలో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఎక్కించడం మనకు అలవాటు. ఏళ్ల తాగుడుతో థయమిన్ అడుగంటిన మనిషికి అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

కల్లు, మాత్రలు, గంజాయి

తెలంగాణలో రోజూ కల్లు కాంపౌండ్‌కు వెళ్లే మనిషి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలామ్ కలుపుతారు. మనిషి అలవాటు పడేది కల్లుకు కాదు, ఆ మత్తు మందుకు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కాంపౌండ్లు మూతపడగానే వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరుస కట్టడం పత్రికల్లో చదివే ఉంటారు. ‘మా ఆయన కల్లే తాగుతాడు, బ్రాందీ ముట్టడు’ అని తేలిగ్గా చెప్పకండి. రోజుకు ఎన్ని సీసాలో, ఎన్నేళ్ల నుంచో చెప్పండి. మాత్రల మోతాదును డాక్టర్ ఆ లెక్క మీదే నిర్ణయిస్తారు.

నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు, హెరాయిన్ లాంటివాటిది వేరే దారి. ఆపిన రోజుల్లో ఒళ్లు నొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం, నిద్ర లేకపోవడం నరకంలా ఉంటాయి. అసలు ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. నెల రోజులు దూరంగా ఉన్న ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. సెంటర్ నుంచి బయటికొచ్చి పాత లెక్కనే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే వీళ్లకు ‘మూడు నెలలు లోపల పెట్టడం’ ఒక్కటే వైద్యం కాదు. ఆ బాధను, కోరికను అదుపులో ఉంచే బుప్రెనార్ఫిన్ లాంటి మందు డాక్టర్ పర్యవేక్షణలో ఎక్కువ కాలం ఇస్తారు. ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ల కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద నడిచే కేంద్రాల్లో ఈ మందు ఉచితం. ఆ మందు దొరికే చోటును ఎంచుకోండి. ‘ఇదీ ఒక మత్తేగా’ అని దాన్ని మాన్పించే సెంటర్ నుంచి దూరంగా ఉండండి.

గంజాయికి ప్రత్యేకంగా మాత్ర అంటూ లేదు. నిద్రకు, ఆందోళనకు కొన్నాళ్లు మందులిస్తారు. మిగతాదంతా కౌన్సెలింగే. కాలేజీ పిల్లాడిని పదేళ్లుగా తాగుతున్నవాళ్ల మధ్య మూడు నెలలు ఉంచడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. వారానికోసారి మాట్లాడే సైకాలజిస్టు, చదువు తెగకుండా చూసే ఇల్లు ఉంటే చాలాసార్లు సరిపోతుంది. చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, ఎవరో వెంబడిస్తున్నారన్నా మాత్రం ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

పోలీసు కేసవుతుందని చాలామంది తల్లిదండ్రులు వైద్యానికే రారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో (ఎన్‌డీపీఎస్) 64ఏ అనే సెక్షన్ ఉంది. మాదకద్రవ్యాలకు బానిసై, వాడినందుకో కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసులో ఇరుక్కున్న మనిషి, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటనో తనంతట తాను చేరి వైద్యం పూర్తి చేసుకుంటే, ఆ సెక్షన్ కింద విచారణ నుంచి రక్షణ కోరవచ్చు. డాక్టర్‌తో చెప్పుకునే విషయాలకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యత హక్కు ఇచ్చింది. భయం వల్ల ఆలస్యం చేయకండి.

ఏ చోటు ఎవరికి

పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్తే ఓపీ చీటీ, పొడుగాటి వరస, గదిలో డాక్టర్ ముందు అయిదు నిమిషాలు. అటెండర్ కేకలు వేస్తాడు, బెడ్డు ఖాళీ లేదంటారు, రాత్రి తోడు మనిషి తప్పనిసరిగా ఉండాలంటారు. ఇవన్నీ నిజమే. మందులు ఉచితం, లివర్ పరీక్షలు అక్కడే, పరిస్థితి విషమిస్తే ఐసీయూ పక్క బ్లాకులోనే. ఇవీ నిజమే. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఢిల్లీ ఎయిమ్స్ సహకారంతో వ్యసన చికిత్స కోసమే ప్రత్యేక విభాగాలు పెట్టారు. విశాఖ చినవాల్తేరులోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఇది రోజువారీ పని. ‘పిచ్చాసుపత్రి’ అన్న పేరుకు జడిసి మా అమ్మ ఆరు నెలలు అడ్డం పడింది. ఆ ఆరు నెలల్లో అన్నయ్య లివర్ ఇంకా పాడైంది. పేరుకు భయపడేవాళ్లు ముందు జిల్లా ఆసుపత్రి ఓపీకైనా వెళ్లండి, బోర్డు మీద ఏమున్నా మందులు అవే.

ప్రైవేటు మానసిక వైద్యుడి క్లినిక్ ఉద్యోగం వదలలేనివాళ్లకు, తాగుడు ఇంకా ముదరనివాళ్లకు, ఆసుపత్రి నుంచి బయటికొచ్చినవాళ్లకు బాగా పనికొస్తుంది. ఊరికి దగ్గరగా ఉండడం ఇక్కడ డాక్టర్ పేరుప్రతిష్ఠల కన్నా ముఖ్యం. ఏడాదిలో పదిహేనుసార్లు వెళ్లాలి. మూడు గంటల బస్సు ప్రయాణమైతే మూడోసారికే మానేస్తారు.

స్వచ్ఛంద సంస్థలు కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో నడిపే పునరావాస కేంద్రాలు ఉన్నాయి. వీటిని ఐఆర్‌సీఏ అంటారు. సాధారణంగా ఫీజు ఉండదు. కౌన్సెలర్లు ఉంటారు, నెల రోజులకు పైనే ఉంచుతారు, వెళ్లాక కూడా పిలిచి మాట్లాడతారు. చాలావాటిలో డాక్టర్ రోజంతా ఉండరు కాబట్టి మొదటి వారం ఆసుపత్రిలో గడిపి అక్కణ్నుంచి నేరుగా ఇక్కడికి వస్తే బాగుంటుంది. డబ్బు లేని కుటుంబానికి ఇంతకన్నా మంచి జోడీ నేను చూడలేదు. మీ జిల్లాలో ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు. అది మత్తు విముక్తి కోసం కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416లో తెలుగులో మాట్లాడే కౌన్సెలర్లు రాత్రీపగలూ ఉంటారు. తాగేవాళ్లే ఫోన్ చేయాలని లేదు. వదిన మొదట ఫోన్ చేసినప్పుడు అన్నయ్య పక్క గదిలో నిద్రపోతున్నాడు.

సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. హిందూపురం, అనంతపురం నుంచి బెంగళూరు నిమ్‌హాన్స్ దగ్గర, అక్కడ వ్యసన వైద్యానికి విడిగా ఒక కేంద్రమే ఉంది. చిత్తూరు నుంచి వెల్లూరు సీఎంసీ దగ్గర. నెల్లూరు, తిరుపతి వాళ్లకు చెన్నైలో టీటీకే ఆసుపత్రి ఉంది. తాగుడు వైద్యానికే అంకితమైన ఆ సంస్థను శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టారు. వైద్యం మొదలుపెట్టడానికో, ఇక్కడ కుదరని కేసుకో వెళ్లండి. తర్వాత నెలనెలా చూపించుకోవడానికి మాత్రం ఇంటికి దగ్గర్లో ఒకరిని పెట్టుకోండి. ‘పెద్ద చోటికే తీసుకెళ్దాం, డబ్బు కూడగడదాం’ అని ఆగడం కన్నా రేపు దగ్గర్లో ఉన్నచోటికి వెళ్లడం మేలు. 2019లో కేంద్రం వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం తాగుడుకు బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవాళ్లు 180 మందిలో ఒక్కరు. మిగతావాళ్లలో ఎందరో ‘వచ్చే నెల’ అనుకుంటూ ఉండిపోయి ఉంటారు.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ ఎనానిమస్, అమెరికాలో 1935లో పుట్టింది. మన పట్టణాల్లో తెలుగులో జరిగే మీటింగులు ఉన్నాయి. ఫీజు లేదు, పేరు చెప్పక్కర్లేదు. అది వైద్యం కాదు, వైద్యం తర్వాత నిలబెట్టే స్నేహం. అన్నయ్య మొదటి రెండు మీటింగుల్లో నోరు విప్పలేదు. మూడోదానికి తనే చెప్పులు వేసుకుని బయల్దేరాడు. ఇంటివాళ్ల కోసం అల్ అనాన్ అని విడిగా సమావేశాలు ఉంటాయి. ఆడవాళ్లలోనూ తాగుడు, మాత్రల అలవాటు ఉంది. వాళ్లకు బెడ్లున్న చోట్లు తక్కువ కాబట్టి ముందే ఫోన్ చేసి, మహిళా సిబ్బంది రాత్రి ఉంటారా అని అడిగి వెళ్లండి.

ప్రైవేటు సెంటర్‌లో చేర్పించే ముందు

ప్రైవేటు సెంటర్లన్నీ చెడ్డవని నేను అనను. ఇంట్లో రోజూ తగువులై, వీధిలో షాపు ఉండి, పాత స్నేహాలు వదలని మనిషికి రెండు మూడు నెలలు చోటు మారడం నిజంగా పనిచేస్తుంది. కాకపోతే చేర్పించేవాళ్లు ఆఫీసు గదిలో కూర్చుని సంతకాలు పెట్టి వచ్చేయకూడదు.

చెప్పకుండా ఒకసారి, మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లండి. గోడ మీద రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా? 2017 చట్టం తాగుడు, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తెచ్చింది కాబట్టి అది ఉండాలి. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించి ‘ఇదే’ అంటే నమ్మకండి. మానసిక వైద్యుడి పేరు, వచ్చే రోజులు, రాత్రి డ్యూటీ నర్సు ఎవరో అడగండి. వంటగది చూడండి. పడుకునే గదికి బయట నుంచి తాళం వేస్తారా చూడండి, అగ్ని ప్రమాదం జరిగితే లోపలివాళ్లు ఎలా బయటపడతారో అడగండి. లోపలున్న ఒకరితో రెండు నిమిషాలు విడిగా మాట్లాడతామనండి. దానికి ఒప్పుకోని చోట మీ మనిషిని వదలకండి.

మమ్మల్ని బుట్టలో వేసిన మాట ఒకటుంది: ‘ఆయన రానంటే మా వాళ్లు రాత్రికి వచ్చి బండిలో తీసుకొస్తారు’. అప్పటికి మాకు అది సాయంలాగే కనిపించింది. నలుగురు వచ్చారు. అన్నయ్య లుంగీలోనే ఉన్నాడు. చెప్పులు వేసుకుంటానన్నా ఆగలేదు. ఆ రాత్రి గురించి అన్నయ్య ఇప్పటికీ మా అమ్మతో మాట్లాడడు. చట్టం చెప్పేది వేరు. మనిషి తనంతట తాను చేరితే, వెళ్లిపోతానన్నప్పుడు మామూలుగా పంపాలి. అంత తెలివి లేని స్థితిలో, తనకో పక్కవాళ్లకో ప్రమాదం తెచ్చేలా ఉంటే, నామినేట్ చేసిన ప్రతినిధి, అంటే రోగి తరఫున మాట్లాడే మనిషి, ఇచ్చిన దరఖాస్తు మీద, మానసిక వైద్యుడు, మరో వైద్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాకే చేర్చుకోవాలి. అదీ మొదట 30 రోజుల వరకే. గొలుసులు వేయడం నిషేధం. ఒంటరి గదిలో బంధించడం నిషేధం. ఫోన్ మాట్లాడే హక్కు, మనుషుల్ని కలిసే హక్కు రోగికి ఉన్నాయి. ‘మొదటి నెల ఫోన్ ఉండదు, చూడ్డానికి రావొద్దు’ అనే సెంటర్‌ను నేనైతే అక్కడే వదిలేస్తాను. దెబ్బలు కనిపిస్తే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది.

డబ్బు సంగతి. ప్యాకేజీలో మందులు, పరీక్షలు, ఆసుపత్రికి తరలించే ఖర్చు కలిశాయా అని కాగితం మీద రాయించుకోండి. మధ్యలో తీసుకెళ్తే ఎంత తిరిగిస్తారో కూడా. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకుని అడ్వాన్సు కట్టకండి. మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఉండాలని చట్టం అంటున్నా, చాలా పాలసీల్లో తాగుడు, మత్తు పదార్థాల వ్యసనానికి చేసే వైద్యం మినహాయింపుల జాబితాలో ఉంటుంది. పాలసీ కాగితం తీసి ఆ జాబితా చదవండి.

తెలియకుండా కలిపే పొడి

‘అన్నంలో కలిపితే చాలు, ఆయనకు తెలియకుండానే మానేస్తాడు’. ఈ ప్రకటన చూడని తెలుగిల్లు ఉండదేమో. ఊళ్లలో పసరు పోసేవాళ్లూ ఉన్నారు. వాటిలో ఏముందో మీకు తెలియదు. కొన్ని ఇళ్లలో డైసల్ఫిరామ్ మాత్రే నూరి కూరలో కలుపుతారు. అది నిజమైన మందే, కానీ దాని మీద ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె మీదికి వచ్చి చావొచ్చు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. తెలిసి వేసుకునేవాడు తాగకుండా ఉంటాడు. తెలియనివాడు మామూలుగా తాగేస్తాడు. ప్రేమతోనే చేసినా, చేసేది విషం పెట్టడంతో సమానం. వదినకు ఈ మాత్ర గురించి చెప్పింది మా చుట్టాలావిడే. వదిన కలపలేదు, డాక్టర్‌ను అడిగింది. నేను ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉన్న సంగతుల్లో ఇదొకటి.

కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, బాక్లోఫెన్ లాంటి మందులు ఉన్నాయి. లివర్, కిడ్నీల పరిస్థితిని బట్టి ఏది సరిపోతుందో డాక్టర్ చూస్తారు. ఒక చోటును ఎంచుకునేటప్పుడు ‘వారం తర్వాత కోరికకు ఏం మందు ఇస్తారు, ఎన్ని నెలలు?’ అని అడగండి. ‘మా దగ్గర మందులేమీ ఉండవు, యోగా, ధ్యానమే’ అన్నారంటే సగం వైద్యం అక్కడ లేనట్టే.

తర్వాతి ఏడాది

సెంటర్ నుంచి వచ్చిన పదకొండో రోజు అన్నయ్య మళ్లీ తాగాడు. ఇంట్లో అందరం ‘డబ్బు దండగ’ అన్నాం. మాత్రలు రాసి పంపే డాక్టర్ లేరు, ఫోన్ చేసి అడిగే కౌన్సెలర్ లేరు, జేబులో తర్వాతి తేదీ రాసిన చీటీ లేదు. రెండోసారి పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులుండి వచ్చేటప్పుడు చేతిలో చీటీ ఉంది. పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి క్లినిక్. మాత్ర వదిన ఎదుటే వేసుకునేవాడు, అది ఇద్దరూ కలిసి పెట్టుకున్న ఒప్పందం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది గండమని కౌన్సెలర్ చెబితే, ఆ రెండు గంటలు మేనల్లుడిని ట్యూషన్ నుంచి తీసుకొచ్చే పని అన్నయ్యకు అప్పగించాం. ఆ ఏడాదిలో రెండుసార్లు జారాడు. రెండుసార్లూ మర్నాడే అదే డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ‘మళ్లీ మొదటికొచ్చింది’ అని ఆయన అనలేదు, షుగర్ పెరిగినప్పుడు చూసినట్టే చూసి మోతాదు మార్చారు.

కాబట్టి ఏ చోటికి వెళ్లినా, చేర్పించేటప్పుడే ‘డిశ్చార్జ్ అయ్యాక ఎవరు చూస్తారు, ఏ రోజు రావాలి, మళ్లీ తాగితే ఏం చేయాలి?’ అని అడగండి. దానికి సూటిగా జవాబు చెప్పిన చోటునే ఎంచుకోండి.

రేపు పొద్దున బయల్దేరేవాళ్లు ఆయన వేసుకునే బీపీ, షుగర్ మాత్రల ఖాళీ షీట్లు, పాత రిపోర్టులు, ఆధార్ కార్డు పెట్టుకోండి. చివరిసారి ఎప్పుడు, ఎంత తాగారో కాగితం మీద రాసుకోండి. రాత్రికి ఉండగలిగే మనిషి ఒకరు వెంట రండి. ‘ముందు రెండు రోజులు మానేసి చూపించు, అప్పుడు తీసుకెళ్తాం’ అని పందెం కట్టకండి, ఆ రెండు రోజులే ప్రమాదం. ఓపీకి బయల్దేరే ముందు ఆయన తాగి ఉన్నా సరే, తాగి ఉన్నారని డాక్టర్‌తో చెప్పి అలాగే తీసుకెళ్లండి.